చీరాల రుమాలు, కలబారి కత్తి

1

మన సాహిత్య విమర్శలో చేతిపనుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా రెండు రకాల మాటలే వినబడుతూ ఉంటాయి. మొదటిది కీర్తన. అగ్గిపెట్టెలో ఇమిడే చీర, ఉంగరంలోంచి దూరే పంచె, దేశదేశాల రాజులు మోజుపడిన మన కలంకారీ. రెండవది శోకం. మగ్గం గుంటలో కాళ్ళు చాపుకుని రోజంతా నాడె విసిరిన మనిషికి సాయంత్రం గంజి దొరకకపోవడం, అప్పులు, ఆత్మహత్యలు. ఈ రెండూ నిజమే. మొదటిదానిని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. రెండవదానిని అభ్యుదయ రచయితలు చెబుతూ వచ్చారు, చెప్పవలసిన పనే అది. ఐతే ఈ రెండింటిలోనూ ఒక సమానధర్మం ఉన్నదని నాకు చాలాకాలంగా అనిపిస్తున్నది. రెండూ బట్ట మగ్గం మీద ఉన్నంతసేపే దానిని చూస్తాయి. కోసి మడత పెట్టిన తరువాత బట్ట ఎక్కడికి పోయింది, ఎవరు కట్టుకున్నారు, కట్టుకుని దానిని ఏం చేశారు అన్న ప్రశ్న రెండింటికీ అక్కరలేదు.

ఒక కావ్యాన్ని గురించి ఇట్లా మాట్లాడితే మనం ఒప్పుకుంటామా? కవి పడిన కష్టమూ, కవికి కలిగిన కీర్తీ చెప్పి, పాఠకుడన్నవాడే లేనట్లు ఊరుకుంటే దానిని సగం విమర్శ అంటాం. బట్ట విషయంలో మాత్రం ఆ సగం విమర్శతోనే తృప్తి పడుతున్నాం.

నేను పాఠం చెప్పుకునే ఊరు విశాఖపట్నం. ఇక్కడ ఉండి సముద్రాన్ని మరచిపోయి మాట్లాడడం కష్టం. 1933లో ఇప్పటి రేవు తెరవకముందే, రెండు శతాబ్దాలకు పైగా, ఈ తీరం నుంచి మూటలకొద్దీ నూలు గుడ్డ ఓడలెక్కింది. అందులో కొంత ఆఫ్రికా చేరింది. అక్కడి చేతుల్లో ఆ గుడ్డకు జరిగినదేమిటో తెలుసుకుంటే, మౌలికత, అనుకరణ, దేశీయత అని మనం సాహిత్యంలో వాడుకునే మాటలను మళ్ళీ పరీక్షించుకోక తప్పదు. ఈ వ్యాసంలో నేను చేయదలచిన పని అదే.

2

ముందు చరిత్రను క్లుప్తంగా చెప్పుకుందాం. 17వ శతాబ్దంలో డచ్చివారు భీమునిపట్నంలో, ఆ శతాబ్దం చివర ఇంగ్లీషు కంపెనీవారు విశాఖపట్నంలో గిడ్డంగులు పెట్టుకున్నారు. దక్షిణాన ఇంజరం, నరసాపురం పక్కనున్న మాధవయ్యపాలెం, మచిలీపట్నం ఇట్లాంటివే. మాధవయ్యపాలెం పేరు ఇంగ్లీషువారి నోట మడపొల్లం అయి, ఒక రకం తెల్లగుడ్డకు ప్రపంచమంతటా పేరైపోయింది. ఊరు ఏదో తెలియనివారికి కూడా గుడ్డ తెలుసు. కంపెనీ వర్తకుల ద్వారా సాలెవారికి ముందు బయానా యిచ్చేది. బయానా పుచ్చుకున్నవాడు కంపెనీ చెప్పిన కొలతకు, కంపెనీ చెప్పిన ధరకు నేయవలసిందే. నాణ్యం తగ్గిందని గుడ్డను తిప్పికొట్టే హక్కు కంపెనీది. తిరగబడే హక్కు తమదని సాలెవారు పలుమార్లు నిరూపించారు. అర్జీలు పెట్టారు, మగ్గాలు ఆపారు, ఊళ్ళు విడిచిపోయారు. 1750 నుంచి 1850 వరకు ఉత్తర కోరమాండల్ నేతగాళ్ళ ప్రపంచాన్ని గురించి పి. స్వర్ణలత 2005లో ప్రకటించిన గ్రంథం ఈ సంగతులు తెలుసుకోగోరేవారు తప్పక చూడదగినది.

ఈ గుడ్డ అంతా ఐరోపాలో కట్టుకోవడానికే పోలేదు. లండనులో దించిన మూటలలో చెప్పుకోదగినంత భాగం మళ్ళీ ఓడలెక్కి పశ్చిమాఫ్రికా తీరానికి పోయేది. ఆ తీరానికి ఐరోపావారు పెట్టిన పేరు గినీ. అందుకని ఆ గుడ్డల్లో కొన్నింటికి గినీ బట్ట అని పేరు వచ్చింది. ఆ తీరంలో గుడ్డకు మారకంగా ఏం పుచ్చుకున్నారు? బంగారం, దంతం, అన్నింటికంటె ఎక్కువగా మనుషులు. 18వ శతాబ్దంలో బానిసల కొనుగోలుకు వాడిన సరుకులలో భారతదేశపు నూలు బట్ట అతి ముఖ్యమైనదని చరిత్రకారులు నిర్ధారించారు. 1807లో ఇంగ్లండు బానిస వర్తకాన్ని నిషేధించిన తరువాత కూడా, పుదుచ్చేరి నుంచి నీలిమందు అద్దిన గినీ బట్ట సెనెగల్ నదీతీరంలో తుమ్మబంకకు మారకంగా పోతూనే ఉన్నది.

అలెక్స్ హేలీ 1976లో ప్రకటించిన ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’ అనే పేరుతో తెలుగు చేశారు. ఆ పుస్తకం చదివి కంట నీరు పెట్టుకోని తెలుగు పాఠకుడు అరుదు. కుంటా కింటే మన ఇళ్ళలో ఒక మనిషైపోయాడు. కాని ఆ కన్నీటి వెనక మనకొక ధీమా ఉన్నది. అది తెల్లవాడు నల్లవాడికి చేసిన ఘోరం, మనం దూరాన నిలబడి చూసి జాలిపడుతున్నాం అన్న ధీమా. కుంటా కింటే వంటి మనుషులను కొనడానికి ఆ తీరంలో దించిన మూటలలో మన తీరపు గుడ్డ కూడా ఉన్నదన్న సంగతి తెలిశాక ఆ ధీమా నిలవదు.

ఇందువల్ల సాలెవాడు దోషి అని నేననడం లేదు. తన చేతిలోంచి బయటికి పోయిన గుడ్డ ఏ సముద్రం దాటుతుందో, దేనికి వెలగా మారుతుందో అతనికి చెప్పినవారు లేరు. ఉత్పత్తిదారునికీ, ఉత్పత్తికీ మధ్య తెర దింపడమే ఆ వర్తకం పద్ధతి. ఆ తెర ఉన్నందువల్లనే మచిలీపట్నం సాలెవాడూ, గాంబియా రైతూ ఒకే వర్తకుడి లెక్కపుస్తకంలో ఎదురెదురు పద్దులుగా ఉండి కూడా ఒకరినొకరు ఎరుగకపోయారు. ఐతే సాలెవాడికి తెలియని సంగతి నేటి విమర్శకుడికి తెలుసు. తెలిసి కూడా “మన బట్ట ప్రపంచాన్ని కట్టించింది” అని కీర్తన మాత్రమే పాడడం ఇక కుదరదు. ఆ కీర్తన కంపెనీ వర్తకుడు పాడుకోదగినది.

బట్ట వెనక మనుషులూ పోయారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను తీసుకుని దర్బాను చేరింది. 1911 వరకు సుమారు లక్షన్నర మంది నేటాలుకు పోయారు. వారిలో విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువారు ఎందరో. అది వేరే వ్యాసానికి విషయం. ఇక్కడ చెప్పదలచినది ఒక్కటే. ఆఫ్రికాతో మన సంబంధం 1958లో తాష్కెంటులో జరిగిన ఆసియా–ఆఫ్రికా రచయితల మహాసభతో మొదలు కాలేదు. ఆ సౌభ్రాత్రం గొప్పదే, కాని దానికి పూర్వరంగం ఉన్నది. ఆ పూర్వరంగాన్ని తుడిచివేసి సౌభ్రాత్రాన్ని పాడితే అది నినాదంగానే మిగులుతుంది.

3

ఇక నా ముఖ్య విషయానికి వస్తాను. నైజీరియాలో నైజర్ నది సముద్రంలో కలిసే చిత్తడి నేలలలో కలబారి అనే జాతివారున్నారు. చేపల వేట, వర్తకం వారి వృత్తులు. వారి ముఖ్య పట్టణాలలో ఒకటి బుగుమా. తమలో తాము మగ్గం పెట్టి నేసుకునే అలవాటు వారికి లేదు. ఐనా బట్టను గురించి వారికున్న పట్టింపు మన పెళ్ళివారికి కూడా ఉండదు. పుట్టిన బిడ్డ మొదలు చనిపోయిన పెద్ద వరకు, ఏ సందర్భంలో ఏ గుడ్డ అన్న నియమం వారికి కచ్చితంగా ఉన్నది. పెద్దలు పోయినప్పుడు ఇంట్లో మంచాలను వరుసగా విలువైన గుడ్డలతో అలంకరించి, ఆ వంశం ప్రతిష్ఠను ఊరికి చూపుతారు.

ఈ గుడ్డలలో వారు ఎంతో గౌరవించేది గళ్ళ నూలు గుడ్డ. దానిని వారు ఇంజిరి అంటారు. ఇగ్బోలు, ఇతరులు జార్జి అంటారు. ఎగుమతి వర్తకులు దానికి పెట్టిన పేరు అసలైన మద్రాసు రుమాలు. మద్రాసు అన్నది రేవు పేరు మాత్రమే. అది నేసిన చోట్లలో ముఖ్యమైనది మన చీరాల ప్రాంతం. ఎరుపు, నీలం, నలుపు, తెలుపు పోగులు పడుగులోనూ పేకలోనూ లెక్క తప్పకుండా పడితే గళ్ళు ఏర్పడతాయి. ఆసు పోసేటప్పుడు ఒక్క పోగు లెక్క తప్పినా గడి వంకర. రుమాలు అంటే మనం చేతిగుడ్డ అనుకుంటాం. ఇక్కడ రుమాలు అన్నది చదరపు కొలత. అట్లాంటి చదరాలు వరుసగా ఒకే తానులో వస్తాయి, నడుముకు చుట్టుకోవడానికి కావలసినన్ని కోసుకుంటారు.

ఈ గుడ్డ కలబారి స్త్రీ చేతికి వచ్చాక ఒక విచిత్రమైన పని మొదలవుతుంది. ఆమె సూదితో కొన్ని పోగులను పైకెత్తి, చిన్న కత్తితోనో మంగలికత్తి అలుగుతోనో కోసి, ఆ కోసిన ముక్కలను లాగివేస్తుంది. సాధారణంగా లేత రంగు పోగులు పోతాయి, ముదురు రంగువి మిగులుతాయి. పోగు పోయిన చోట గుడ్డ పలచబడి, జల్లెడలాగ వెలుతురు దూరుతుంది. గళ్ళ గుడ్డ కాస్తా ఇంకొక నమూనాగా మారుతుంది. దీనిని పెలెతె బితె అంటారు, అంటే కోత గుడ్డ. ఒక వైపు పోగులు నిలువునా లాగివేసి చేసే మరొక రకం ఫిమాతె బితె. నమూనాలకు పేర్లున్నాయి. ఒకదానికి తాబేలు ఎముకల పేరు, మరొకదానికి చేప మొప్పల పేరు. తాబేలు వారి ముసుగు నృత్యాలలో వచ్చే జిత్తులమారి పాత్ర. కాబట్టి ఆ నమూనా ఎవరు పడితే వారు కట్టేది కాదు. ఒక గుడ్డ కోయడానికి రోజులు, వారాలు పడతాయి. కోసిన స్త్రీకి ఆ సమాజంలో పేరున్నది.

కొందరు మిత్రులకు ఈ సంగతి చెబితే, “అయ్యో, నేసిన గుడ్డను చెడగొట్టడమేమిటి?” అన్నారు. ఈ అభ్యంతరం సహజమే. పోగు పోగు లెక్కపెట్టి నేసిన మనిషి శ్రమను మరొకరు కత్తితో కోసి పారవేస్తున్నారు గదా! కాని కొంచెం దగ్గరగా చూస్తే విషయం తలకిందులవుతుంది. ఆమె కోత గుడ్డలో ఎక్కడంటే అక్కడ సాగదు. గళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో, పడుగు పేక ఎక్కడ ఒకదానినొకటి పట్టుకుంటాయో తెలిస్తేనే ఏ పోగు తీయవచ్చునో తెలుస్తుంది. తీయరాని పోగు తీస్తే గుడ్డ విడిపోతుంది. నేత వదులుగా ఉంటే మిగిలిన పోగులు జారిపోతాయి. నేత గట్టిగా, సమంగా ఉన్నప్పుడే కోత నిలుస్తుంది. అంటే చీరాల నేతగాని పనితనాన్ని అందరికంటె శ్రద్ధగా పరీక్షించేది ఆ స్త్రీయే. మనం చేనేత దుకాణంలో మడత విప్పి చూసి ధర అడిగి పెట్టేస్తాం. ఆమె ఒక్కొక్క పోగును వేలితో తడిమి చూస్తుంది. నేను చదువు అనే మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ చెప్పలేను.

తీసివేయడం రచన అవుతుందా అన్న ప్రశ్నకు తెలుగు సాహిత్యం ఏనాడో జవాబు చెప్పింది. తిక్కన సోమయాజి 13వ శతాబ్దంలో విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. సంస్కృత మూలంలో విస్తారంగా ఉన్న భగవద్గీతను ఆయన కొద్ది పద్యాలలో ముగించాడు. ఇది చేతకాక చేసినదని ఎవరైనా అంటారా? యుద్ధం ముందు నిలబడిన మనుషుల కథ నడవడానికి ఎంత కావాలో అంత ఉంచి తక్కినది తీశాడు. ఆ తీసిన చోట్లలోంచే ఆయన పాత్రలు, ఆయన నాటకీయత మనకు కనబడతాయి. తిక్కనను అనువాదకుడనీ, అనుకర్త అనీ తక్కువ చేయడానికి మనకు మనసొప్పదు. ఐతే అదే కొలత కలబారి స్త్రీకి ఎందుకు వర్తించదు? ఆమెకూ మూలం ఉన్నది. ఆ మూలం పరాయిది. అందులోంచి తన సమాజానికి కావలసిన రూపాన్ని ఆమె తీసివేతతో సాధించింది. ఆమెను ‘మన బట్ట వాడుకునే వినియోగదారు’ అని పిలిస్తే, తిక్కనను ‘వ్యాసుని పాఠకుడు’ అని పిలవవలసి వస్తుంది.

కలబారి జాతివాడే అయిన పండితుడు టోన్యే ఎరెకోసిమా, అమెరికా పరిశోధకురాలు జోన్ ఐకర్‌తో కలిసి ఈ గుడ్డలను గురించి పరిశోధించాడు. 1982లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఈ కోత గుడ్డల ప్రదర్శన కూడా జరిగింది. పరాయి వస్తువు ఒక జాతి సొంతం కావడంలో నాలుగు మెట్లున్నాయని వారి సిద్ధాంతం. మొదట ఎంచుకోవడం. తరువాత తమ భాషలో పేరుపెట్టి అర్థం కల్పించడం. ఆపైన తమ జీవితంలో, తమ కర్మకాండలో దానికొక స్థానం ఇవ్వడం. చివరకు దాని రూపాన్నే మార్చడం. సాహిత్య విద్యార్థులకు ఇది చాలా పనికివచ్చే సూత్రం. నవల, కథానిక, వచన కవిత మన భాషలోకి వచ్చిన తీరును ఈ నాలుగు మెట్ల మీద పెట్టి చూడవచ్చు. మన రచయితలలో ఎవరు ఎంచుకోవడం దగ్గరే ఆగిపోయారో, ఎవరు రూపం మార్చేదాకా వెళ్ళారో తేలిపోతుంది.

ఐనా ఈ సూత్రంలో ఒక లోటు ఉన్నదని నా అభిప్రాయం. ఆ నాలుగు మెట్లలో మొదటిది ఎంచుకోవడం. అంటే కథ దుకాణం దగ్గర మొదలవుతుంది. ఆ గుడ్డ దుకాణానికి ఎట్లా వచ్చింది, ఏ కూలికి ఎవరు నేశారు అన్నది మెట్లకు బయటనే ఉండిపోయింది. మన విమర్శ మగ్గం దగ్గర ఆగితే, వారి సూత్రం దుకాణం దగ్గర మొదలైంది. రెంటికీ మధ్య సముద్రం అట్లాగే ఉన్నది.

4

ఇక్కడ మరొక ప్రశ్న వస్తుంది. పరాయి గుడ్డను మార్చుకుంటే అది సొంతమైపోతుందన్నారు గదా, ఐతే ‘అసలైన ఆఫ్రికా బట్ట’ అనేది ఉన్నదా లేదా? ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పరాదు.

నేడు ప్రపంచమంతటా ఆఫ్రికా బట్ట అనగానే గుర్తుకువచ్చేది ముదురు రంగుల మైనపు అచ్చు గుడ్డ. దానితో కుట్టిన సంచులూ, తలకట్టులూ, గుండీలకు తొడిగిన గుడ్డముక్కలూ ఆఫ్రికా పేరుతోనే అమ్ముడుపోతాయి. కాని దాని పుట్టుక వేరు. జావా ద్వీపంలో చేత్తో మైనం పూసి అద్దే బాతిక్‌ను డచ్చివారు యంత్రాల మీద అనుకరించారు. హెల్మండ్ పట్టణంలో 1846లో మొదలైన అచ్చు కర్మాగారం ఈనాటికీ ఈ వ్యాపారంలో ప్రసిద్ధమే. 19వ శతాబ్దం చివర ఆ సరుకు ఇప్పటి ఘానా తీరంలో బాగా చెల్లుబాటైంది. అక్కడి సంతలో అమ్మే స్త్రీలు ఒక్కొక్క నమూనాకు ఒక సామెతనో, ఒక లోకోక్తినో పేరుగా పెట్టారు. పేరు నచ్చితే గుడ్డ అమ్ముడయ్యేది, పేరు లేని గుడ్డ మూలన పడేది. గీసినవాడు హాలండులో ఉన్నాడు, అర్థం చెప్పినది సంతలోని అమ్మ.

దీనిని చూసి కొందరు, “అంతా కలగాపులగమే, అసలు నకలు భేదమే లేదు” అంటారు. ఈ మాట వినడానికి ఉదారంగా ఉంటుంది గాని దాని చాటున లాభం దాక్కుంటుంది. సంతలోని స్త్రీ పేరు పెట్టినందుకు ఆమెకు దక్కినది అమ్మకంలో కమీషను. నమూనా మీద హక్కు, కర్మాగారం లాభం హాలండులోనే ఉండిపోయాయి. మాలీలో పురుషులు నేసిన పట్టీలను కలిపి కుట్టి, ఆకుల కషాయంలో ముంచి, పులిసిన బురదతో స్త్రీలు చిత్రించే బొగొలాన్‌ఫిని ఉన్నది. నైజీరియాలో యొరుబా స్త్రీలు గంజి పూసి నీలిమందులో ముంచే అదిరె ఉన్నది. ఘానాలో అశాంతివారు బెత్తెడు వెడల్పు పట్టీలుగా నేసి కలిపి కుట్టే కెంతె ఉన్నది. ఇవి ఆ నేల మీద ఆ చేతులు చేసినవి. వీటి నమూనాలను యంత్రం మీద అచ్చువేసి గజాల లెక్కన అమ్మే కంపెనీనీ, పరాయి గుడ్డను కత్తితో కోసే కలబారి స్త్రీనీ ఒకే గాటకట్టి ఇద్దరూ మార్చుకున్నవారే అంటే అది విమర్శ అనిపించుకోదు.

అశాంతివారి సంగతే చూడండి. 18వ శతాబ్దంలో వారు ఐరోపా వర్తకులు తెచ్చిన పట్టు గుడ్డను కొని, పోగు పోగుగా విప్పి, ఆ పట్టును తమ నూలుతో కలిపి తమ మగ్గం మీద కెంతెగా మళ్ళీ నేసేవారు. ఇక్కడా పోగులు లాగడమే. కాని లాగినవారిదే మగ్గం, లాగినవారిదే నమూనా, కట్టుకునేవాడు వారి రాజు. ఆ తరువాత కాలంలో క్వామే ఎన్‌క్రుమా ఆ కెంతెనే ధరించి ప్రపంచం ముందు స్వతంత్ర ఘానాకు ప్రతినిధిగా నిలబడ్డాడు. కాబట్టి వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక్కటే కొలత కాదు. దానిని మార్చే శ్రమ ఎవరిది, పేరు పెట్టే హక్కు ఎవరిది, ఫలితం ఎవరి చేతికి వస్తుంది అన్న మూడు ప్రశ్నలూ కలిపి అడగాలి. సాహిత్యంలో అనుకరణను గురించి మనం చేసే వాదాలకు కూడా ఈ మూడు ప్రశ్నలు చేర్చుకుంటే మంచిదని నా సూచన.

పేరు పెట్టడం అన్నాను. తూర్పు ఆఫ్రికాలో జాంజిబార్, మొంబాసా తీరాలలో స్వాహిలీ స్త్రీలు కట్టుకునే కంగా అనే గుడ్డ మీద ఒక వాక్యమే అచ్చువేసి ఉంటుంది. సామెత, ఎత్తిపొడుపు, ఆశీస్సు, ప్రేమ, ఏదైనా కావచ్చు. పొరుగింటామెతో నోరు తెరిచి అనలేని మాటను గుడ్డతో అనిపించవచ్చు. 19వ శతాబ్దంలో రుమాళ్ళను కలిపి కుట్టుకోవడంతో ఈ గుడ్డ మొదలైంది. తరువాత ఎన్నో కంగాలు మన దేశపు మిల్లులలోనే అచ్చయి అక్కడికి పోయాయి. మనకిది వింత అనిపించనక్కరలేదు. శ్రీకాళహస్తి కలంకారీలో రామాయణం గళ్ళు గళ్ళుగా వేసి, ప్రతి ఘట్టానికీ తెలుగు లిపిలో వివరణ రాయడం మన చిత్రకారుల పద్ధతి. ఐతే ఆ రాత దేవుడి కథను భక్తునికి చెబుతుంది. కంగా మీది రాత ఒక స్త్రీ మాటను మరొక స్త్రీకి చెబుతుంది. మన తెలుగు సామెతలు ఇన్ని వేలున్నా, అవి పుస్తకాలలోకి ఎక్కాయి గాని మన ఆడవాళ్ళ కొంగు మీదికి ఎక్కలేదు.

5

పరాయి దేశపు కళను మెచ్చుకోవడం తేలిక. ఆ కొలతతో మన ఇంటిని కొలుచుకున్నప్పుడే విమర్శకుని నిజాయితీ తెలుస్తుంది.

ఇందాక చెప్పిన మాధవయ్యపాలెం నరసాపురానికి ఆనుకునే ఉన్నది. అదే నరసాపురం చుట్టుపక్కల పల్లెలలో నూటయాభై ఏళ్ళకు పైగా లేసు అల్లకం సాగుతున్నది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన పని అది. కొక్కెపు సూదితో నూలు దారాన్ని తిప్పి తిప్పి అల్లితే గుడ్డకు అంచులు, పళ్ళేల కింద పరుపులు, మెడపట్టీలు తయారవుతాయి. విదేశాలలో కుట్టుపని చేసుకునేవారి బుట్టలలో, దుస్తుల దుకాణాలలో ఇవి అలంకారాలుగా చేరతాయి. మరియా మీస్ అనే జర్మను సామాజిక శాస్త్రవేత్త 1982లో ఈ లేసు స్త్రీలను గురించి ప్రకటించిన గ్రంథం ప్రపంచ ప్రసిద్ధమైనది. రోజుకు అనేక గంటలు అల్లి, దానితోపాటు ఇంటి చాకిరీ అంతా చేసే ఈ స్త్రీలను కూలీలుగా ఎవరూ లెక్కించలేదని, ‘తీరిక వేళ ఏదో అల్లుకునే ఇల్లాళ్ళు’ అనే మాటతోనే వారి కూలి అడుగంటిందని ఆమె చూపింది. వర్తకులు మాత్రం ఆ తీరికను ఎగుమతి చేసి మేడలు కట్టారు.

ఈ ఇద్దరు స్త్రీలను పక్కపక్కన నిలబెట్టండి. ఇద్దరి పనీ ఖాళీలతోనే. కలబారి స్త్రీ పోగు తీసి ఖాళీని సృష్టిస్తుంది. నరసాపురం స్త్రీ దారాన్ని ఖాళీ చుట్టూ తిప్పుతుంది. ఇద్దరి వేళ్ళూ, కళ్ళూ ఒకే రకంగా అరిగిపోతాయి. కాని మొదటి ఆమె చేసిన నమూనాకు ఆమె భాషలో పేరున్నది, దానిని ఆమె కులస్థులు కట్టుకుంటారు, పెద్దల చావు మంచం మీద పరుస్తారు. రెండవ ఆమె అల్లినది ఎవరి బల్ల మీద ఉన్నదో ఆమెకు తెలియదు. నమూనా కాగితం వర్తకుడిచ్చినది. తాను కట్టుకునే చీరకు ఆ అంచు ఆమె అరుదుగానే కుట్టుకుంటుంది. పనితనంలో హెచ్చుతగ్గులు లేవు. తేడా అంతా పైన చెప్పిన మూడు ప్రశ్నలలో ఉన్నది.

చీరాల నేతగానిదీ అదే స్థితి. మా తరగతిలో ఆ ప్రాంతపు నేత కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి ఒకడుండేవాడు. రుమాలు మాట ఎత్తగానే, “మా తాత ఎగుమతి రుమాళ్ళు నేసేవాడండి” అన్నాడు. ఏ దేశానికి ఎగుమతి అంటే, “మద్రాసుకండి” అన్నాడు. ఆ కుటుంబానికి ప్రపంచం మద్రాసు గిడ్డంగి దగ్గర ముగిసింది. నైజీరియా తన మిల్లులను కాపాడుకోవడానికి పలుమార్లు బట్టల దిగుమతిని నిషేధించినప్పుడు ఇక్కడ మగ్గాలు ఆగాయి. ఎందుకు ఆగాయో నేసేవానికి తెలియలేదు. “అవతల గిరాకీ పడిపోయింది” అన్న ఒక్క మాట చెప్పి ఆసామి బయానా మానుకున్నాడు. అవతల అంటే ఎవరు? అవతల ఒక స్త్రీ సూది పట్టుకుని అదే గుడ్డకోసం చూస్తున్నదని ఆ తాతకు ఎవరు చెబుతారు?

మూడు వందల ఏళ్ళుగా ఈ రెండు చివరలూ తెలిసినవాడు మధ్యనున్న వర్తకుడొక్కడే. కలబారివారు ఏ గడి కోరతారో, ఏ రంగు ముట్టరో అతనికి కంఠతా వచ్చు. చీరాలలో ఏ ఇంటివాడి చేయి మంచిదో కూడా వచ్చు. ఆ జ్ఞానాన్ని అతడు లాభానికి వాడుకున్నాడు. శ్రీశ్రీ ఈ విశాఖపట్నంలోనే 1910లో పుట్టాడు. కట్టడాల పేర్లకు వెనక రాళ్ళు మోసినవారెవరని అడగడం ఆయన మన విమర్శకు నేర్పాడు. ఆ ప్రశ్నకు ఇప్పుడు రెండవ భాగం చేర్చాలి. నేసినదెవరు అన్నదానితో పాటు, దానిని అందుకుని మరొకటిగా చేసినదెవరు అని కూడా అడగాలి. ఇద్దరూ శ్రామికులే. వారిద్దరికీ మధ్యనున్న తెర తొలగించడం సాహిత్యకారులు చేయదగిన పని.

ఇది ఊహలో చేయవలసిన పని కూడా కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదువుకోవడానికి ఆఫ్రికా దేశాల యువతీయువకులు ఏటా మా ఊరు వస్తున్నారు. సముద్రపుటొడ్డున, బస్సులలో, సంతలలో వారిని చూస్తూనే ఉన్నాం. అద్దెకు గది అడిగితే ముఖం చూసి “ఖాళీ లేదు” అనే ఇళ్ళు ఈ ఊళ్ళో ఉన్నాయి. వారి రంగు మీద చాటుగా నవ్వే నోళ్ళూ ఉన్నాయి. తాష్కెంటు సౌభ్రాత్రాన్ని కవితలలో పాడిన మనం, వారిలో ఒక్కరినైనా మన సభకు పిలిచి మీ అమ్మ కట్టే గుడ్డ పేరేమిటి, దానికి మీ భాషలో అర్థమేమిటి అని అడిగామా? చినువా అచెబె నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ 1958లో వెలువడింది. మన తెలుగు శాఖలలో దానిని తులనాత్మక పాఠంగా చెప్పే చోట్లు ఎన్ని? మన చేనేత ప్రదర్శనలలో బట్ట పక్కన ధర చీటీ ఉంటుంది, ఊరి పేరు ఉంటుంది. ఆ బట్ట ఒకనాడు ఏ సముద్రం దాటిందో, దాటి ఏమైందో చెప్పే రెండు వాక్యాలు ఉండవు. ఆ రెండు వాక్యాలు రాయడానికి ప్రభుత్వ నిధులు అక్కరలేదు, తెలిసిన రచయిత చాలు.

మన యువ రచయితలు నేతగాడిని గురించి కథ రాసినప్పుడు ఆకలి దగ్గర ఆపవద్దని మనవి. ఆకలి నిజం, కాని నేతగాడు ఆకలి ఒక్కటే కాడు. అతడు ప్రపంచంలో ఇంకొక చేతితో కలిసి పనిచేసిన మనిషి. ఆ రెండవ చేయి నల్లని చేయి. దాని చేతిలో కత్తి ఉన్నది, ఆ కత్తి అతని నేతను గౌరవించింది. ఈ సంగతి చీరాలలోనూ తెలియాలి, బుగుమాలోనూ తెలియాలి. మన త్రైమాసికం పాఠకులలో ఎవరైనా నేత ప్రాంతాల వారుంటే, తమ పెద్దలు నేసిన రుమాళ్ళ గళ్ళ పేర్లు, రంగుల లెక్కలు, వర్తకుల మాటలు సేకరించి పంపవలసిందిగా కోరుతున్నాను. మా కళాశాలలోని ఆఫ్రికా విద్యార్థులను అడిగి వారి వైపు పేర్లు సేకరించే పని నేను మొదలు పెడతాను. రెండు జాబితాలూ ఒకే పేజీ మీద పక్కపక్కన అచ్చు కావాలి.